చెప్పులతోనే రమ్మన్న అమ్మ

మొన్న ఆదివారం పొద్దున, చాయ్ కప్పు ఇంకా చేతిలో ఉండగానే, మా అపార్టుమెంటులో సైరన్ మోగింది. మోగుతుందని ముందే చెప్పారు, వాట్సాప్ గ్రూపులో పెట్టారు, లిఫ్టు అద్దం మీద కాగితం అంటించారు, నిప్పంటుకుంటే చిన్నపిల్లలు ఎట్లా మసలుకోవాలో నేర్పే కార్యక్రమం ఉంది, పెద్దలు కూడా తోడ్పడాలి అని. అంతా చదివినవాణ్ణే, చదివి కొడుకుకూ కోడలికీ గట్టిగా వినిపించినవాణ్ణే. అయినా ఆ కూత చెవిన పడేసరికి నా ఒళ్ళు నన్ను అడగకుండానే ఒక పని చేసింది. కప్పు పక్కన పెట్టి, రెండు చేతులూ నెత్తిమీద కప్పుకుని, భోజనాల బల్ల కిందికి దూరింది. ఒకటో తరగతి చదివే మా మనవరాలు అప్పటికే బడిలో నేర్పినట్టు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి, రుమాలు కొంచెం కిందికి దించి, "తాతా, కింద దూరొద్దు, బయటికి రావాలి," అని చిన్నగా మందలించి, మళ్ళీ రుమాలు పైకి పెట్టుకుంది.

కోడలు నవ్వు బిగబట్టుకుని నా మోచేయి పట్టి లేపింది. మెట్లన్నీ దిగి కింద పార్కులోకి పోతే, పిల్లలంతా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని బారుగా నిలబడ్డారు. చేతిమైకు పట్టుకున్న అబ్బాయి వాళ్ళకు చెప్పవలసింది చెప్పి చప్పట్లు కొట్టించాడు. బల్ల కింద దూరిన తాత సంగతి అప్పటికే బారు చివరిదాకా పాకిపోయింది. అక్కణ్ణించి వస్తూ దారిలో మనవరాలు అడిగింది, ఎందుకట్లా దూరావు అని. ఏం చెప్పను? నేను నా తొలి ఉద్యోగంలో వందలమంది పిల్లల్ని ఆకాశంలోంచి పడే బండరాళ్ళ నుంచి కాపాడానని, ఈ చంకలో ఇద్దర్నీ ఆ చంకలో ఇద్దర్నీ ఇరికించుకుని పరుగెత్తేవాణ్ణని చెప్పాను. అది సాయంత్రానికల్లా పార్కు మొత్తానికి చెప్పింది. ఇప్పుడు నేను నడకకు దిగితే చిన్నవాళ్ళు ఆట ఆపి నా చంకల వైపు చూస్తున్నారు.

ఆ రోజునుంచి నాకు కుదురు లేదు. బాల్కనీలోకి పోతాను, మళ్ళీ లోపలికి వస్తాను, టీవీ పెడతాను, తీసేస్తాను. బీపీ మాత్ర వేసుకున్నారా అని కోడలు రెండుసార్లు అడిగింది. ఇది మాత్రతో పోయేది కాదు. నా ఈడువాళ్ళు కనుక ఇది చదివే మీకైనా ఉన్నదున్నట్టు చెబితే కాస్త నెమ్మది చిక్కుతుందేమో అని రాస్తున్నాను. మధ్యలో నా నోరు కొంచెం పెంచుతుంది, అది నా పుట్టుగుణం. పెంచిన చోటల్లా మళ్ళీ నేనే తగ్గిస్తాను, ఫికర్ పడకండి.

నేను మెదక్ వైపు పల్లెవాణ్ణి. టీచరు ఉద్యోగం వచ్చి మొదటి పోస్టింగు ఈ చుట్టుపక్కలే ఒక ఊళ్ళో పడింది. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ, ఇప్పుడు ఈతకొలను ఉన్నది చూశారూ, సరిగ్గా అక్కడే నా బడి ఉండేది అని కిటికీలోంచి చూపిస్తుంటాను. అది నిజం కాదు. మేముండే పుప్పాలగూడ నుంచి మణికొండ వైపు ఇంకా కొంత పోవాలి. ఎంత పోవాలో, ఏ వీధిలో ఆగాలో నాకే తెలియదు. గుట్ట ఉంటే దాన్ని బట్టి గుర్తుపట్టేవాణ్ణి, ఆ గుట్టే లేదు. అప్పుడు ఇదంతా రాళ్ళూ, సీతాఫలం పొదలూ, మేకలూ. మెహదీపట్నంలో బస్సెక్కితే అది ఎక్కడో ఒకచోట దింపి వెళ్ళిపోయేది, తక్కిన దూరం కాలినడక. ఊరి చివర పంచాయతీవాళ్ళు కట్టించిన ఒకే ఒక్క గది, పైన సిమెంటు రేకులు, అదే బడి. అందులో ఒకటినుంచి ఐదుదాకా అన్ని తరగతులూ, అన్నిటికీ నేనొక్కణ్ణే సారును.

బడి వెనకాల గుట్ట, ఆ గుట్టకు ఆ పక్క రాళ్ళ క్వారీ. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకుని రాయి కొట్టేవి. రాతికి బెజ్జాలు తొలిచి, మందు కూరి, వత్తి అంటించి పేల్చేవాళ్ళు. పేల్చేముందు మేస్త్రీ ఒకడు గుట్ట మీద నిలబడి ఎర్రగుడ్డ ఊపి ఈల వేసేవాడు. ఆ ఈల విన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ దాక్కోవాలి. మీలో పాత హైదరాబాదు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది, ముందు కాళ్ళకింద నేల అదిరేది, తరవాతే చెవికి వినిపించేది. పేలిన ముక్కలు చాలావరకు గుట్టకు అటే పడేవి. కొన్ని ఇటు కూడా వచ్చేవి. నేను చేరిన కొత్తలోనే పిడికిలంత ముక్క ఒకటి రేకు పగలగొట్టుకుని లోపలికి వచ్చి, ఆ వేళ ఎవరూ కూర్చోని మూల పడింది. కాంట్రాక్టరు దగ్గరికి పోయి గట్టిగా నిలదీశాను. నిలదీశాను అంటే, ఆయన కుర్చీ వేసి చాయ్ తాగించాడు, ఇకమీద జాగ్రత్తగా ఉంటామన్నాడు, నేను మంచిదండి అని వచ్చేశాను. రాళ్ళు మాత్రం ఎప్పటిలాగే వస్తూనే ఉన్నాయి.

అందుకని పిల్లలకే నేర్పాలనుకున్నాను. బడికి కాస్త ఎడంగా ఒక పెద్ద గుండు ఉండేది, గుండంటే ఇంటంత బండరాయి, ఇంకో దాని మీదికి వాలి కింద గుహలాగా చోటు విడిచింది. పిల్లలందరూ ముడుచుకుని కూర్చుంటే పట్టేది. ఈల వినబడగానే పలకలూ పుస్తకాలూ వదిలేసి రేకుల కిందనుంచి బయటికొచ్చి ఆ గుండు కిందికి పోవాలి, నేను బయటికి రమ్మనేదాకా రావద్దు, తొంగి చూడొద్దు. ఇంతే పాఠం. చాలా తేలికైన పాఠం అనుకున్నాను. మొదటిసారి నా నోట్లో వేళ్ళు పెట్టుకుని ఈల వేసి చూద్దును కదా, పిల్లలు లేళ్ళలాగా లేచి పరుగెత్తారు, గుండు దాకా వెళ్ళి అక్కడ ఠక్కున ఆగిపోయారు. ఆగి, వంగి, చెప్పులు విడిచి, ఒకరి చెప్పుల పక్కన ఒకరివి పెట్టి, నావి తొక్కకు అంటే నావి తొక్కకు అని కొట్లాడుకుని, ఆ తరవాత ఒక్కొక్కరూ రాయికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని లోపలికి పోతున్నారు.

ఎందుకంటే ఆ గుండు కింద అమ్మవారు ఉంది. విగ్రహం లేదు, రాతిగోడకు పసుపు పూసి బొట్లు పెట్టి ఉంటాయి, ముందొక దీపం కుందె. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ నడక వచ్చినప్పుడే చెప్పే మొదటి మాట, అక్కడికి చెప్పులతో పోవద్దని. సగంమంది పిల్లలకు చెప్పులే లేవు, వాళ్ళకు బాధ లేదు. ఉన్నవాళ్ళు మాత్రం, నెత్తిమీద రాళ్ళు పడబోతున్నాయని చెప్పినా సరే, ఆ ఆరుబయట నిలబడి చెప్పులు విడిస్తేనే లోపలికి పోయేది. ఎన్నిసార్లు చేయించినా అంతే. మైకు అబ్బాయి మొన్న మా పిల్లలతో సామాన్లు వదిలేయండి అంటుంటే నాకు నవ్వొచ్చింది. మా వాళ్ళు సామాన్లు ఎప్పుడో వదిలేసేవాళ్ళు, వదలనిదల్లా మర్యాద.

చెప్పులంటే ఎంతసేపు, రెండు చిటికెలు. నన్ను పరేషాన్ చేసింది చెప్పులు కాదు, ఒక బూటు. ఈల వేసే మేస్త్రీ అన్నాను చూడండి, అతని కూతురు నా దగ్గర రెండో తరగతి. పసితనంలో పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది. పట్నంలో సర్కారు దవాఖానకు ఎన్నోసార్లు తిప్పితే ఆ కాలికి బూటు ఇచ్చారు, తోలు బూటు, దానినుంచి మోకాలి పైదాకా రెండు ఇనుప కమ్మీలు, మధ్యమధ్య పట్టీలు. అది విప్పాలంటే కూర్చోవాలి, పట్టీలన్నీ ఒక్కొక్కటీ ఊడదీయాలి. అందరూ లోపలికి పోయాక ఆ పిల్ల ఒక్కతే గుండు ముందర రాతి మీద కూర్చుని, నాలుక కొస బయటపెట్టి, పట్టీలు విప్పుకుంటూ ఉండేది. అక్కడ గుట్ట మీద వాళ్ళ నాయన ఈల వేసి వత్తి అంటించాలి. ఇక్కడ ఈ పిల్ల ఆకాశం కింద కూర్చుని ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఈల తరవాత అతను వత్తి అంటించడానికి ఇదివరకటికంటే ఎక్కువసేపు ఆగుతున్నాడని తక్కిన కూలీలు గొణిగేవాళ్ళట.

ఒకరోజు నేనే ఆ పిల్లను ఎత్తుకుని బూటుతో సహా లోపలికి తీసుకుపోబోయాను. అది వేసిన కేకకు క్వారీలో పని ఆగిపోయింది. రాయి అంచు పట్టుకుని వదలలేదు, వదిలించబోతే నా చెయ్యి కొరికింది. ఆ పంటిగాట్లు ఇప్పటికీ ఉన్నాయని మనవరాలికి చూపించాను. లేవు, పొద్దున కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాను, అవి దోమకాట్లు.

ఎందుకే అంత మొండితనం అని తరవాత నెమ్మదిగా అడిగితే, తలవంచుకుని చెప్పింది. "అమ్మకు కోపమొస్తె కాలు తీస్కుంటది సారూ. ఈ కాలు అట్లనే పాయె. ఇంకో కాలు గూడ తీస్కుంటె నేనెట్ల నడవాలె?" పాలమూరులో వాళ్ళ ఊరివాళ్ళెవరో ఆ పిల్ల వినేటట్టు అన్న మాట అది. ఇక్కడ కూడా ఆడవాళ్ళు అదే అంటూ జాలిపడేవాళ్ళు. అది జ్వరం వల్ల వచ్చిందమ్మా, అమ్మవారికి నీ కాలితో పనేముంది అని నేను చాలా చెప్పాను. నా మాటలు శ్రద్ధగా వింది. విన్నది గానీ నమ్మలేదు. ఏడేళ్ళ పిల్ల ముందర సైన్సు ఓడిపోతే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఆ రాత్రంతా నిద్రపోలేదని చెప్పాలని ఉంది గానీ, బాగానే పోయాను. పొద్దున మొహం కడుక్కుంటుంటే తట్టింది, నాకు చేతనయిన విద్య ఒకటి ఉండగా చేతకానిది ఎందుకు చేస్తున్నానని.

బడికి పోయి, హాజరు తీసుకున్నాక, గొంతు తగ్గించి, రాత్రి అమ్మ నా కలలోకి వచ్చిందని చెప్పాను. ఎట్లా వచ్చిందో, ఎట్లా వెలిగిపోయిందో, అంతా చెప్పాను. ఈల వేసినప్పుడు నా బిడ్డలు చెప్పుల కోసం ఎందుకు ఆగుతున్నారు, చెప్పులతోనే ఉరికి రమ్మను, బూటు ఉన్న బిడ్డను బూటుతోనే రమ్మను అని చెప్పిందన్నాను. పిల్లలు రెప్ప వేయలేదు. మేస్త్రీ కూతురు మాత్రం ఆఖరి వరసలోంచి నన్ను పరీక్షగా చూసింది.

ఆ కాలంలో వాట్సాప్ లేదని మనం ఊరికే అనుకుంటాం. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. సాయంత్రం నేను కిరాయికి ఉండే ఇంటికి పోయేసరికి అరుగు మీద ఇద్దరు ఊరి పెద్దమనుషులు, వాళ్ళ మధ్యలో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ ఇంటి అవ్వ. ఆ అవ్వ ఎవరో ఇంతకుముందే చెప్పవలసింది. గుండు కింద అమ్మకు ప్రతి మంగళవారం దీపం పెట్టే హక్కు వాళ్ళ ఇంటిది, అంటే ఆమెది. నేను అమ్మను నా కలలోకి తెచ్చుకున్నప్పుడు ఈ సంగతి ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ తెలియదు.

"అమ్మ కలలకొచ్చిందంట గద సారూ," అంది అవ్వ, చేట మీదినుంచి చూపు ఎత్తకుండా.

వచ్చిందవ్వా అన్నాను.

"నేను పెండ్లయి ఈ ఊరికి వచ్చినకాంచి దీపం పెడుతున్న. నాకు ఒక్కనాడు కనవడలె. మొన్న బస్సు దిగిన నీకు కనవడ్డది. సరే, ఆమె ఇష్టం. ఏం చీరె కట్టింది?"

ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు అన్నాను. పెద్దమనుషులు తలలూపారు. ముక్కుపుడక ఎటువైపు, చేతిలో ఏముంది, అన్నిటికీ జవాబు చెప్పాను. జవాబు చెప్పేకొద్దీ నాకు నిజంగానే కనబడుతున్నట్టు అనిపించసాగింది, అదే నాతో వచ్చిన చిక్కు.

"కూసున్నదా, నిలవడ్డదా?"

నిలబడి, చెయ్యెత్తి దీవించిందన్నాను.

"గుండు కింద నువ్వే నడుం వంచి పోతవు గద బిడ్డా. అమ్మ నీకంటే పొట్టిదా?"

ముందు కూర్చునే ఉంది, తరవాత బయటికి వచ్చి నిలబడింది అన్నాను. పెద్దమనుషులకు అది సబబుగానే తోచింది, ఆకుపచ్చ చీర సంగతి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. అవ్వ మళ్ళీ బియ్యంలో వేలు పెట్టింది. ఆ వేలు ఒక్కో రాయినీ వెతికి బయటికి తీస్తోంది. అరుగు కొసన కూర్చుని మొత్తం చెప్పేశాను, కల లేదని, చీర లేదని, ఆ బూటు పిల్ల రాళ్ళకింద బయట కూర్చుంటే చూడలేకపోయానని, దాని భయం ఏమిటో కూడా. తిడుతుందనుకున్నాను. ఊళ్ళోంచి పంపించేస్తారనుకున్నాను.

అవ్వ చేట పక్కన పెట్టి, "ముందుగాల నాకు చెప్పొద్దా," అంది. "అబద్ధమైనా ఒక పద్ధతి ఉంటది. అమ్మ కనవడ్డదని చెప్పి ఊకుంటె ఎవ్వలు నమ్ముతరు? కనవడ్డ తల్లికి బోనం ఎత్తరా?"

అట్లా నేను మొక్కని మొక్కు తీర్చవలసి వచ్చింది. ఆ మంగళవారం ఊరంతా కదిలింది. అవ్వ తల మీద బోనం, ముందు డప్పు, డప్పుకు ముందు వేపరెమ్మలు పట్టుకుని నేను. నేను ఆడిన ఆట చూసి ఊరు ఊరంతా పూనకంతో ఊగిపోయిందని మా కొలీగులకు చాలా ఏళ్ళు చెప్పాను. నిజానికి రెండడుగులు వేసి డప్పు కొట్టేవాడి మీద పడ్డాను, అతను దరువు తప్పకుండా మోచేత్తో నన్ను పక్కకు తోశాడు.

గుండు దగ్గరికి వచ్చాక బోనం దించి అవ్వ నా వైపు తిరిగింది. నా చెప్పులు ఇమ్మంది. నాకు అర్థం కాలేదు. అవి మామూలు తోలుచెప్పులు, నేను జీతం వచ్చిన కొత్తలో కొనుక్కున్నవి, దూరంగా విడిచిపెట్టి వచ్చాను. ఒక పిల్లవాడు ఉరికి తెచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక చెప్పు తొడగని ఆ ముసలమ్మ, ఆ పెద్ద చెప్పుల్లో కాళ్ళు పెట్టి, ఊరంతా చూస్తుండగా, టపటప ఈడ్చుకుంటూ గుండు కిందికి నడిచిపోయింది. డప్పు ఆగిపోయింది. ఎవరో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల అవ్వ దీపం వెలిగించుకుంటూ అమ్మతో మాట్లాడడం వినిపిస్తోంది, పక్కింటామెతో మాట్లాడినట్టే. ఈల వేస్తె పిల్లలు చెప్పులతోని వస్తరు, నువ్వు మనసుల పెట్టుకోకు, తప్పంటె నన్ను అడుగు, పిల్లలను అడగకు, ముందుగాల నేనే వచ్చిన చూడు అని. బయటికి వచ్చి, చెప్పులు విడిచి, ఊరివైపు చూసి, "అమ్మ ఏమన్లె," అంది.

అంతే. ఆ తరవాత పిల్లలకు అడ్డం లేకపోయింది. చెప్పుల బారు గుండు ముందర మళ్ళీ కనబడలేదు. కానీ నేను ఎవరికోసం ఇదంతా చేశానో ఆ పిల్ల మాత్రం అట్లాగే రాతి మీద కూర్చుని పట్టీలు విప్పుకుంటోంది. రోజూ బడికి వస్తూనే నన్ను అడిగే ప్రశ్న ఒకటే, "అవ్వ కాళ్ళు మంచిగున్నయా సారూ?" మంచిగున్నాయి అంటాను. మరునాడు మళ్ళీ అడుగుతుంది. నేను ఈ సంగతి అవ్వకు చెప్పాను. ఆమెకు ఏళ్ళతరబడి మోకాళ్ళ నొప్పులు, పొద్దున లేచి గోడ పట్టుకుంటే గానీ నిలబడలేకపోయేది. అయినా అప్పటినుంచి ఏదో ఒక పని కల్పించుకుని బడి ముందునుంచి రోజూ పోయేది. మలుపు దాకా కుంటుకుంటూ వచ్చి, బడి కనబడగానే నడుం నిటారుగా చేసి, పడుచుపిల్లలాగా చకచకా దాటి, చింతచెట్టు చాటుకు పోయాక అక్కడ కూలబడి మోకాళ్ళు పట్టుకునేది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఆమె కాళ్ళే చూసేది. నేను బడి నడిపిన రోజులన్నిట్లోనూ నాకు ఇంత మంచి పాఠం చెప్పడం చేతకాలేదు.

అప్పుడొకనాడు ఆ పిల్ల అడిగింది, నేను ఒంటరిగా దొరికినప్పుడు. "సారూ, నిజంగ కన్నవా కల, ఊకె అన్నవా?" అవ్వకు ఒప్పుకున్నవాణ్ణి, ఒప్పుకోవడం నాకు అలవాటే, నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసి వెనక్కి మింగాను. నిజంగానే వచ్చింది బిడ్డా, నీ పేరు పట్టి చెప్పింది అన్నాను. అది కాసేపు ఆలోచించి, సరే అని వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో మొహం చెప్పలేదు.

ఇంకొన్నాళ్ళకు నిజమైన రోజు వచ్చింది. ఆ రోజు మేస్త్రీకి ఒంట్లో బాగాలేక గుడిసెలో పడుకుంటే, కొత్తవాడెవడో గుట్ట మీదికి ఎక్కాడట. ఈల వినబడింది, అది ఎప్పుడూ వినే ఈల కాదు, తొందరగా, గుక్క తిప్పుకోకుండా ఉంది. పిల్లలు లేచి ఉరికారు. నేను మేస్త్రీ కూతుర్ని రెండు చేతుల్లో ఎత్తుకుని పరుగెత్తానని ఇంతకాలం చెబుతూ వచ్చాను. లేదు, అది ఎత్తుకోనివ్వదు, కొరుకుతుంది. అది ఆ ఇనుప కాలు విసురుకుంటూ తన నడక తను నడుస్తుంటే, పక్కన నేను చేతులు చాపి, ముందుకు నాలుగడుగులు పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, గుట్ట వైపు చూస్తూ, ఉత్త చేతులతో వెంట నడిచాను. ఈ కొత్తవాడు ఆగడు. వాళ్ళ నాయనలాగా ఆగడు.

గుండు ముందర అది ఆగింది. బూటు వైపు చూసుకుంది. లోపల్నుంచి పిల్లలు రా రా అని చేతులు ఊపుతున్నారు. నా దగ్గర ఇక అబద్ధాలు కూడా మిగల్లేదు. అది రాతిగోడ మీది బొట్ల వైపు చూసి, చాలా మర్యాదగా, "అమ్మా, సారు చెప్పిండు. తప్పయితె సారుది," అని చెప్పి, వంగి, బూటుతో లోపలికి పోయింది. నేను దాని వెనకే దూరాను. ముందు నేల అదిరింది.

బర్రెదూడంత రాయి సరిగ్గా అది రోజూ కూర్చుని పట్టీలు విప్పుకునే చోట పడిందని నేను చెప్పే కథలో ఉంటుంది. అంత రాయి కాదు, అక్కడ కాదు. కొబ్బరికాయంత రాయి ఒకటి బడి రేకు పగలగొట్టి నల్లబల్ల పక్కన పడింది. గుండు ముందర పడినవి చిన్న ముక్కలు, గుప్పెట్లో పట్టేవి, నాలుగైదు. ఆ చిన్నవే చాలు. బయటికి వచ్చి వాటిని చూసినప్పుడు నేను పెంచి చెప్పవలసింది ఏమీ కనబడలేదు.

మేస్త్రీ జ్వరంతోనే ఉరికి వచ్చాడు. ఎవరినీ అడగలేదు. నేరుగా గుండు దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, లోపలికి తల పెట్టి చూశాడు. చీకట్లో అతనికి ముందు కనబడింది ఆ ఇనుప కమ్మీల బూటు. అది పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. పిల్ల మాత్రం, "నాయినా ఇడువు, పట్టీ ఊడుతది," అని విసుక్కుంది.

ఆ ఏడాది చివర్లో ఆ గుట్టలో పనికొచ్చే రాయి అయిపోయింది. రాయి ఉన్నచోటికి పోవడమే వాళ్ళ బతుకు. ఒకరోజు పొద్దున లారీ వచ్చింది. గుడిసెల కట్టెలూ, గిన్నెలూ, సుత్తెలూ ఎక్కించారు, ఆ మూటల మీద పిల్లల్ని కూర్చోబెట్టారు. నేను సాగనంపడానికి పోయాను. ఆ పిల్ల పైనుంచి కిందికి వంగి నన్ను పిలిచింది, పక్కవాళ్ళకు వినబడకుండా అడిగింది. "ఆడ గుండు కింద అమ్మ వేరేగ ఉంటది గద సారూ. ఆమెకెవరు చెప్తరు?" నేను ఏమాత్రం తడబడకుండా, నేను చెబుతాను బిడ్డా, ఇయ్యాల్నే కలలోకి పిలిచి చెబుతా అన్నాను. అది తలూపింది. లారీ కదిలింది. అప్పటిదాకా నేను ఎక్కడికి పోతున్నారని అడగనే లేదు. తరవాత ఊళ్ళో అడిగితే ఒకరు సంగారెడ్డి దాటి అన్నారు, ఒకరు షాద్‌నగర్ వైపు అన్నారు.

మొన్న మా పార్కులో మైకు అబ్బాయి పిల్లలకు చెప్పింది అంతా మంచి మాటే. మెట్ల దగ్గర బాణం గుర్తులు పెట్టారు, కరెంటు పోయినా అవి వెలుగుతాయట. మా మనవరాలికి ఎటు పోవాలో తెలుసు, ఎక్కడ నిలబడాలో తెలుసు, దారిలో దాన్ని ఆపే భయం ఏదీ దాని మనసులో లేదు, ఉండకూడదు కూడా. మనం అప్పుడు పిల్లలకు పాఠం చెప్పే ముందు ఊరిని ఒప్పించవలసి వచ్చేది, ఊరికి ముందు అవ్వను, అవ్వ వెనకాల అమ్మను. ఇప్పుడు ఒక్క కూతతో అయిపోతుంది. సుఖమే. కానీ చప్పట్లు కొట్టి అందరూ పైకి వెళ్ళిపోయాక, మనవరాల్ని ఇంట్లో దిగబెట్టి, ఆ ఖాళీ పార్కులోకి నేనొక్కణ్ణే మళ్ళీ దిగి వచ్చాను. చుట్టూ చూస్తే ఒక్క గుట్ట కనబడలేదు. ఇక్కడి గుట్టలన్నీ పోయాయి, వాళ్ళు వెళ్ళిన చోటివి కూడా ఈపాటికి పోయే ఉంటాయి, వాటితో పాటు ఆ అమ్మలు ఎక్కడికి పోయారో.

ఆ పిల్లకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. నాకు తెలుసు, లెక్క వేసుకోగలను. అయినా మధ్యాహ్నం కునుకు పట్టేముందు నేను పిలుస్తూనే ఉంటాను. ఏ గుట్ట మీది అమ్మనో తెలియదు కనుక, అన్ని గుట్టల అమ్మలకూ కలిపి ఒకేసారి చెబుతాను, బూటు కాలితో ఒక పిల్ల వస్తుంది, దాన్ని బయట కూర్చోనివ్వకండి అని. ఇన్నేళ్ళలో ఒక్క అమ్మ కూడా కలలోకి రాలేదు.